బొండం వద్దన్న అమ్మగారు

అమ్మగారు పోయారన్న కబురు నాకు టెక్కలి బస్టాండులో తెలిసింది. కాశీబుగ్గలో నేను అద్దెకున్న రోజుల్లో మా వీధిలో ఆటో నడిపిన మనిషి, పలాస బస్సు దిగుతూ నన్ను చూసి ఆగాడు. నా భుజాన ఉన్న సంచి చూసి, "ఇంకా మందులే అమ్ముతన్నారా బాబూ" అన్నాడు. అవునన్నాను.

"మీ పక్కింటి పాస్టరమ్మ పోనాది. మొన్న మంగళారం మట్టి సేసీసినారు."

"అయ్యో. ఏమైంది?"

"ఏటవుద్ది. ఇశ్వాసం తగ్గిపోనాదట. మా సంఘంలో అందరూ అదే అంటన్నారు."

నేను బీయస్సీ చదివి, మెడికల్ రిప్రజెంటేటివ్‌గా శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా డాక్టర్ల గుమ్మాల్లో నిలబడ్డవాణ్ణి. మనుషులు దేనివల్ల పోతారో కొంత విన్నాను. ఈ కారణం మాత్రం ఏ డాక్టరూ రాసివ్వగా చూడలేదు. ఆ మాట అతనితో అందామనుకున్నాను గానీ, అతను నిజంగానే బాధపడుతూ చెప్పాడు. సంచి సర్దుకుని బయల్దేరాను. ఆ రోజు సాయంత్రం దాకా కలిసిన డాక్టర్లందరి దగ్గరా తక్కువ మాట్లాడాను. వాళ్ళకి నచ్చినట్టే ఉంది.

ఆవిడ పేరు నాకు తెలియదు. కొన్నేళ్ళపాటు ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండి పేరు తెలియకపోవడం విడ్డూరంగా ఉండొచ్చు. కానీ మా వైపు పాస్టరుగారిని పెళ్ళాడిన రోజే ఆడమనిషి పేరు పోతుంది. ఆయన అయ్యగారు, ఆవిడ అమ్మగారు. కూరగాయలమ్మే మనిషికీ, కరెంటు మీటరు చూసే అతనికీ కూడా అమ్మగారే. భర్త సైతం "అమ్మగారూ, కాసిని మంచినీళ్ళు" అనేవారు.

ఇల్లు ఒక జీడిపప్పు వ్యాపారిది. ముందు రెండు వాటాలు, పెరట్లో ప్రార్థన మందిరం. ఒక వాటాలో వాళ్ళిద్దరూ, ఇంకో వాటాలో నేను. మధ్య గోడ పల్చన. వాళ్ళింట్లో ఏం జరిగినా నాకు వినిపించేది. మా ఇంట్లో ఏమీ జరిగేది కాదు కనక వాళ్ళకా ఇబ్బంది లేదు.

పొట్టి మనిషి. ఎప్పుడూ ఉతికి గంజిపెట్టిన తెల్ల నేతచీర. కంచిలి పక్కన కొబ్బరితోటల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టారు. ఆవిడకి రెండు తెలుగులుండేవి. మైకు ముందు ఒకటి, మా మెట్ల మీద ఒకటి. మైకు ముందు, "కృపగల తండ్రీ, ఈ దినమున మమ్మును సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రములు" అనేవారు. మైకు కట్టేశాక, "ఒలే, ఆ డోలక్ మీద కూకున్నదెవులే, దిగు" అనేవారు. నాకు రెండోది ఇష్టం. దేవుడికి ఏది ఇష్టమో ఆవిడెప్పుడూ చెప్పలేదు.

నేను ఆ ఇంట్లో దిగేసరికే ఆవిడ స్వస్థపడి కొన్నాళ్ళైంది.

అదెలా జరిగిందంటే, మా కొబ్బరితోటల సీమ ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో ఇంకా పెద్దగా రాని రోజులవి. ఊళ్ళల్లోకి మాత్రం వచ్చేసింది. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. నీళ్ళన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు. తెలియనిది అంత ఎక్కువగా ఉన్నచోట ప్రార్థనకి పనుంటుంది, మందులకీ పనుంటుంది. ఆ లెక్కన అయ్యగారూ నేనూ ఒకే లైనులో తిరిగేవాళ్ళం. ఆయన మోపెడ్ మీద, నేను బస్సులో.

అమ్మగారికీ కిడ్నీ వచ్చింది. సోంపేట దగ్గర స్వస్థత కూటాలు పెడితే అయ్యగారు తీసుకువెళ్ళారు. ఎక్కణ్ణించో వచ్చిన ప్రసంగీకుడు ఆవిడ తల మీద చెయ్యివేసి, జబ్బు వెళ్ళిపోయిందన్నాడు. ఆ నెల రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె కొంచెం తగ్గింది. ఈ జబ్బులో అంకె ఒక్కోసారి కాస్త దిగి, మళ్ళీ ఎక్కుతుంది. అయ్యగారికి అదంతా తెలియదు. భార్య దక్కిందన్న సంతోషంలో ఆదివారం ఆరాధనలో చెప్పేశారు. ఆయన చెప్పింది నలభైమందికి. విన్నది మాత్రం కాశీబుగ్గ బజారంతా, ఎందుకంటే మందిరం మీద రెండు లౌడ్‌స్పీకర్లున్నాయి. చెప్పినదాన్ని వెనక్కి లాక్కునే సదుపాయం వాటికి లేదు.

అమ్మగారిని చూడ్డానికి మనుషులు వచ్చారు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడ్డ ఆడవాళ్ళు, తోటల్లో పనిచేసే మగవాళ్ళు, వాళ్ళ వెనక చంకల్లో స్కానింగు కవర్లతో వాళ్ళ జబ్బుమనుషులు. రేకుల షెడ్డు శ్లాబు మందిరమైంది. కరపత్రాల మీద "స్వస్థపడిన సహోదరి సాక్ష్యం" అని వేశారు. ఈలోపు ఆ అంకె మళ్ళీ ఎక్కింది. ఈసారి ఆవిడ ఒక్కరే వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. ఎవరూ మైకు దగ్గరికి వెళ్ళలేదు.

నాకెలా తెలిసిందో చెప్తాను. ఆవిడకో అలవాటుంది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతూ, చీర కుచ్చెళ్ళు ఒక వేలెడు పైకి లాగి, బొటనవేలితో చీలమండ పైన నొక్కి, వేలు తీసి ఒక్క క్షణం చూసేవారు. మళ్ళీ మాటల్లో పడేవారు. కాళ్ళనొప్పులనుకునేవారు అందరూ. నేను డాక్టర్ల గదుల్లో ఆ పని డాక్టర్లు చెయ్యగా చూశాను. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోతే ఒంట్లో నీరు చేరినట్టు.

"గుంట నిలుస్తోందా అమ్మగారూ" అన్నాను ఒకరోజు.

చీర కిందికి లాగేసుకున్నారు. "నీకెలగ తెలుసు?"

"దాని మీదే బతుకుతున్నాను."

"నాకు బాగైపోనాది కదా తమ్ముడూ. మైకులో సెప్పినారు, ఇన్లేదా?"

"నేను విన్నాను. మీ కాలు విన్లేదేమో."

ఆవిడ పెద్దగా నవ్వి, వెంటనే మందిరం వైపు చూసి నోరు మూసుకున్నారు. ఆ తర్వాత ఏ వారమో మా వాటా గుమ్మం దగ్గరికొచ్చి, మడతపెట్టిన చీటీ ఒకటి అందించారు. శ్రీకాకుళంలో అక్క ఉంది, అక్కని చూడ్డానికని వెళ్ళి అక్కడ డాక్టరుకి చూపించుకుంటున్నారు. మాత్రలు రాశాడు. కొనడమే రావడం లేదు. ఉద్దానంలో చదువు రానివాళ్ళు కూడా కిడ్నీ మాత్రని రేకు రంగు చూసి పోల్చుకుంటారు. పలాసలో ఏ మందుల షాపులోనైనా అమ్మగారు ఆ చీటీ ఇస్తే, చిల్లర పుచ్చుకునేలోపు కబురు మందస చేరుతుంది.

అలా నేను ఆవిడకి మాత్రలు తెచ్చేవాణ్ణయ్యాను. శ్రీకాకుళంలో కొని, బిస్కెట్ ప్యాకెట్ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవాణ్ణి. అయ్యగారు ఒకసారి అది చూసి, "మా అమ్మగారికి బిస్కెట్లంటే ఇంత ఇష్టమని నాకు తెలీదు సుమండీ" అన్నారు. ఇష్టమేనండీ అన్నాను.

ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్తారు. చివరికి అమ్మగారిని లేపేవారు. ఆవిడ లేచి, సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రమనీ, ఇంతవరకు నడిపించినందుకు స్తోత్రమనీ చెప్పి కూర్చునేవారు. స్వస్థపడ్డాను అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట అయ్యగారు అందుకుని చెప్పేవారు. ఆవిడ సాక్ష్యం చిన్నది, దానికి ఆయన వ్యాఖ్యానం పెద్దది.

"మీరు భలే తప్పించుకుంటారు" అన్నాను మెట్ల మీద.

"నాను అబద్దమాడ్లేదు తమ్ముడూ. నిజమే ఆడ్లేదు."

"దేవుడి మీద కోపం రాదా?"

"ఆయనేటి సేసినాడు? బాగుసేసీసినానని ఆయన నాతో ఎప్పుడూ అన్లేదు. అన్నది ఈయన." చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "ఈయన మీద కూడా కోపం రాదు. అదే బాద" అన్నారు.

ఇందులో నాకు అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టింది బొండం సంగతి. ఉద్దానంలో ఇంటికొచ్చిన మనిషికి కొబ్బరిబొండం కొట్టివ్వడం మర్యాద. కాఫీ టీలు తర్వాత. కిడ్నీ చెడినవాళ్ళు మాత్రం అది తాగకూడదు. అందులో ఉండే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండెకి చేటు చేస్తుందని శ్రీకాకుళం డాక్టరు ఆవిడకి మరీమరీ చెప్పాడు. ఆవిడేమో వారానికి నాలుగు రోజులు అయ్యగారి మోపెడ్ వెనక కూర్చుని ఊళ్ళల్లో ఇళ్ళ ప్రార్థనలకి వెళ్ళేవారు. వెళ్ళిన ప్రతి ఇంట్లో ముందు కత్తి తెచ్చేవారు, తర్వాత బైబిలు తెరిచేవారు. వద్దంటే, ఎందుకు వద్దన్నారని అడిగేవాళ్ళు. స్వస్థపడిన మనిషికి వద్దనడానికి కారణమేముంటుంది?

తమ సంఘం వాళ్ళ ఇళ్ళల్లో ఆవిడకో ఉపాయం ఉండేది. బొండం చేతిలోకి తీసుకుని, ముందు ప్రార్థన చేద్దాం అని కళ్ళు మూసుకుని, చాలాసేపు ప్రార్థించి, ఆమేన్ అనగానే ఆశీర్వాదంగా ఆ ఇంట్లో ఎవరో ఒకరికి అందించేసేవారు. పుచ్చుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుని తాగేవాళ్ళు.

తోటలున్నవాళ్ళ ఇళ్ళల్లో ఆ ఉపాయం పనిచేసేది కాదు. కిడ్నీ వాళ్ళ ఇళ్ళల్లోకీ వచ్చింది. అన్ని గుళ్ళూ, అన్ని ఆస్పత్రులూ అయ్యాక వాళ్ళూ పాస్టరుగారికి కబురు పెట్టేవాళ్ళు. ఒకప్పుడు తమ వీధిలో నడవనివ్వని మనుషుల్ని జబ్బుమనిషి మంచం దాకా రానిచ్చారు. గ్లాసు దాకా మాత్రం రానివ్వలేదు.

"బొండానికి గ్లాసక్కర్లేదు కదా తమ్ముడూ" అన్నారు ఆవిడ, నేనడిగితే. "తాగి పారేత్తే సరిపోద్ది. ఆలికీ సులువు, మనకీ మర్యాద."

"అయితే వాళ్ళింట్లో కూడా ఎవరికైనా ఇచ్చెయ్యచ్చుగా."

ఆవిడ నావైపు కాస్త జాలిగా చూశారు. టెక్కలిలో గుమాస్తాగారి కొడుకుని. ఇలాంటివి తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ పడలేదు.

"నా సెయ్యి తగిలింది ఆలింట్లో ఎవులు పుచ్చుకుంటారు? అక్కడ నానే తాగాల. మొత్తం తాగాల. సగం ఒదిలేత్తే, మన బొండం నచ్చలేదేటి దీనికి అంటారు."

అలా తాగొచ్చిన రోజు రాత్రి గోడవతల ఆవిడ దగ్గు వినిపించేది. గుండె దడదడలాడి లేచి కూర్చుంటే, అయ్యగారికి సాకుగా ఆవిడ దగ్గేవారట. ఎందుకంటే దగ్గుకి ఎవరూ అనుమానపడరు.

ఇక అయ్యగారు. ఆయన్ని మూర్ఖుడిగా చెప్పుకుంటే ఈ కథ నాకు సులువుగా ఉండేది. ఆయన అందుకు సహకరించలేదు. ఒక మధ్యాహ్నం అమ్మగారు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ దగ్గరికి ప్రార్థనకెళ్ళిన వేళ, మా గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పి, వేసుకుని, మళ్ళీ విప్పి లోపలికొచ్చారు.

"ఆ బిస్కెట్లు రోజుకెన్ని వేసుకోవాలండీ?" అన్నారు.

నేను చెప్పాను. చెప్పక ఏం చెయ్యను.

"ఇంకేం జాగ్రత్తలు?"

ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి, బొండం కూడదు అన్నాను. బొండం అన్నప్పుడు ఆయన గుమ్మం పట్టుకున్నారు. మోపెడ్ మీద ఆవిణ్ణి ఇంటింటికీ తిప్పింది ఆయనే మరి.

"నాకు తెలిసినట్టు ఆవిడకి తెలియనివ్వకండి" అన్నారు. "నాకు తెలుసని తెలిస్తే, నేను సంఘానికి చెప్పాలి కదా అని ఆవిడ అనుకుంటుంది. చెప్పకపోతే నేనేం పాస్టర్నని అనుకుంటుంది. చెప్తే..." అని మందిరం వైపు చూశారు. కొత్త శ్లాబుకి ఇంకా వెల్ల వెయ్యలేదు.

ఆ వారం నుంచి అయ్యగారికి బీపీ వచ్చింది. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడట. తనొక్కడికీ వేరే వండొద్దు, ఇద్దరం చప్పిడే తిందాం అన్నారట. "పాపం ఈయనకి కూడా వచ్చీసినాది సూడు" అని అమ్మగారు నా దగ్గర బాధపడ్డారు. ఊళ్ళ ప్రార్థనలకి కూడా, మోపెడ్ పాతదైపోయింది, ఇద్దర్ని లాగడం లేదని ఆయన ఒక్కరే వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటున్నారు. మధ్యలో గోడ దగ్గర నేను, ఇద్దరి తరఫునా నోరు మూసుకుని.

ఇలాగే ఎన్నాళ్ళైనా సాగేదేమో. జలంత్రకోట నుంచి ఒక మనిషి రావడం మొదలుపెట్టాక సాగలేదు. ముప్పై దాటి ఉంటాయి, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పని. కిడ్నీ వచ్చి చెట్టెక్కడం మానేశాడు. అమ్మగారి సాక్ష్యం గురించి విని, ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి, మందిరంలో ముందు వరసలో కూర్చునేవాడు. మొదట్లో మామూలుగా ఉండేవాడు. పోనుపోను మొహం ఉబ్బుతోంది. చెప్పుల పట్టీలు పెట్టుకోలేక, మడమ కింద తొక్కుకుంటూ నడుస్తున్నాడు.

"ఆడు మాత్రలు మానీసినాడు తమ్ముడూ" అన్నారు అమ్మగారు. ఆ రోజు ఆవిడ తన కాలు నొక్కి చూసుకోలేదు. "నన్ను సూసి మానీసినాడు. డాక్టరు దగ్గరికెల్లు నాయనా అన్నాను. 'మీరెల్నారా అమ్మగారూ' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏటంటాను? ప్రార్దన సేత్తానన్నాను."

తర్వాతి ఆదివారం ప్రథమ ఫలాల పండుగ. పంటలో మొదట చేతికొచ్చింది దేవుడికి తెచ్చివ్వడం వాళ్ళ ఆచారం. పొద్దున్నుంచి జీడిపప్పు పొట్లాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపెట్టలు మా పెరట్లోంచే వెళ్ళాయి. నేను మా కిటికీకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాను. లౌడ్‌స్పీకర్లో జలంత్రకోట మనిషి గొంతు వినిపించింది. ఇంటి ముందున్న చెట్టు తొలికాపు గెల తెచ్చానంటున్నాడు. తర్వాత కత్తి దెబ్బలు. ఆ చప్పుడు దేనిదో ఉద్దానంలో ఎవరూ చెప్పక్కర్లేదు. సగం గడ్డానికి నురగతోనే వెళ్ళి మందిరం కిటికీ దగ్గర నిలబడ్డాను.

అతను కొట్టిన బొండాన్ని రెండు చేతులా అమ్మగారికి అందిస్తున్నాడు. "మీరు సగం తాగి నాకియ్యండమ్మా. మిగతాది నాను తాగుతాను. మీకొచ్చిన స్వస్తతే నాకూ రావాల." వెనక నుంచి స్తోత్రం, స్తోత్రం అన్నారు. డోలక్ అతను కూడా ఒక దెబ్బ వేశాడు.

అమ్మగారు బొండం తీసుకున్నారు. ప్రార్థన చేద్దాం అంటారనుకున్నాను. కళ్ళు మూసుకోలేదు. అతని పాదాల వైపు చూస్తున్నారు. చాలాసేపు చూశారు. మైకు పక్కనే ఉంది.

"నాయనా, ఇది నాను తాగకూడదు. నువ్వూ తాగకూడదు" అన్నారు. మెట్ల మీది తెలుగు. ఆ తెలుగు మైకులో వినడం అదే మొదలు. "నాకు కిడ్నీ తగ్గలేదు. మాత్రలు మింగుతన్నాను. పొద్దున కూడా మింగినాను. నన్ను సూసి నువ్వు మానీసినావు. అది నా పాపం, నీది కాదు. రేపు సోంపేటెల్లి డాక్టరుకి సూపించుకో."

కోడిపెట్ట ఒకటి అరిచింది. ముసలావిడ ఒకామె, "అలగనకమ్మా, శోదన ఇది, అలగనకు" అని మెల్లిగా అంటోంది. జలంత్రకోట మనిషి చేతులు ఇంకా చాచే ఉన్నాయి, తొలికాపు వెనక్కి పుచ్చుకోవాలో కూడదో తెలియక.

అయ్యగారు వేదిక మీంచి దిగి వచ్చారు. ఆవిడ చేతిలోంచి బొండం తీసుకున్నారు. "ప్రథమ ఫలం పారబొయ్యకూడదు. నాకే జబ్బూ లేదు, నేను తాగుతాను" అని, నిలబడి మొత్తం తాగారు. మైకు దగ్గరే కనక గుటకలు కూడా బజారుకి వినిపించాయి. మూతి తుడుచుకుని, భార్యతో అన్నారు, "పొద్దున ఒక మాత్రే వేసుకున్నావు. రెండోది డబ్బాలో అలాగే ఉంది."

"మీకెప్పుడు తెలిసినాది?"

"ఉప్పు మానేసిన దగ్గర్నుంచి."

"బీపీ అన్నారు కదా."

"లేదు."

అమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో కిటికీలోంచి నాకు తెలియలేదు. పెళ్ళయినవాళ్ళు మైకులో మాట్లాడుకోవడం నేను అదొక్కసారే విన్నాను. అంత సాఫీగా మాట్లాడుకోవడం మైకు లేకుండా కూడా ఎక్కువ వినలేదు. జలంత్రకోట మనిషి కిందికి వంగి, గెల పక్కన కూర్చుండిపోయాడు.

ఇక్కడితో ఆవిడకి విడుదల దొరికిందని రాస్తే బాగుండును. ఆ తర్వాతి ఆదివారం సంఘంలో సగం మంది వచ్చారు. ఆ పై నెలకి, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది మిగిలారు. మిగతావాళ్ళు బజారవతల కొత్తగా పెట్టిన సంఘానికి వెళ్ళారు. అక్కడ లౌడ్‌స్పీకర్లు పెద్దవి, స్వస్థతలు కూడా పెద్దవి. అయ్యగారు అబద్ధమాడారన్నారు కొందరు. అమ్మగారే విశ్వాసం పోగొట్టుకుని జబ్బుని వెనక్కి పిలిచారన్నారు ఇంకొందరు. రెండోదే ఎక్కువమందికి నచ్చింది. తోటలున్నవాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. మందిరానికి వెల్ల పడలేదు.

మాత్రలు ఇప్పుడు పలాసలోనే కొనుక్కునేవారు. మందుల షాపులో నిలబడి, నలుగురూ వినేలా పేరు చదివి మరీ అడిగేవారట. కానీ మాత్రలతో ఆగే దశ దాటిపోయింది. వారానికి మూడుసార్లు విశాఖపట్నం, రైల్లో వెళ్ళి డయాలిసిస్ చేయించుకు రావడం. వెళ్ళిన రోజు, వచ్చాక పడుకున్న రోజు, మళ్ళీ వెళ్ళే రోజు. వారంలో ఆవిడకంటూ మిగిలింది ఆదివారం. ఆ రోజు మందిరం, ఖాళీ చాపలు. దాచుకోవడం పోయాక ఎలా ఉందంటే, ఒక గదిలోంచి తలుపు తీసుకుని ఇంకో గదిలోకి వచ్చినట్టుంది అన్నారు ఒకసారి. "ఇందులో గాలొత్తాది, అంతే తేడా."

నన్ను కంపెనీ టెక్కలికి మార్చింది. ఆవిణ్ణి చివరిసారి విశాఖలో, ఆస్పత్రిలోనే చూశాను. మీటింగుకని వెళ్ళి, ఆ దారినే కదా అని లోపలికి వెళ్ళాను. చేతికి గొట్టాలు, పక్కన మిషను తిరుగుతోంది. బయట బెంచీ మీద అయ్యగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నారు.

"సూడు తమ్ముడూ, యేసయ్య రక్తంలో నన్ను కడిగినారని ఇన్నాళ్ళూ పాడినాను" అన్నారు మిషను వైపు చూపించి. "ఇప్పుడు నా రక్తాన్నే కడుగుతన్నారు. ఏ పక్కనించి కడిగినా ఇది తెల్లబడదులాగుంది."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అడగాలనుకున్నది వేరే ఉంది.

"జలంత్రకోటోడు మాత్రలేస్తన్నాడా?"

వేస్తున్నాడన్నాను. సోంపేటలో డాక్టరు దగ్గర రెండు మూడుసార్లు చూశాను. మొహం వాపు తగ్గింది.

"ప్రార్దనకి?"

ఇది చెప్పడానికి కొంచెం ఆలోచించాను. "బజారవతల సంఘానికి వెళ్తున్నాడు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నొచ్చుకున్నారనుకున్నాను. మిషను ఒకసారి కూత పెట్టింది. నర్సు వచ్చి ఏదో సర్ది వెళ్ళింది.

"పోన్లే. ఎక్కడైతేనేటి, ఎల్తన్నాడు కదా" అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఒక్క మాట సెప్పు ఆడికి. వాపు తగ్గినాది కదా, సాచ్చికం సెప్పమని అడుగుతారు ఆలు. సెప్పొద్దను. సెప్తే మాత్రల సంగతి కూడా సెప్పమను. లేపోతే లేవొద్దను. కూకునే ఉండమను."

చెప్తానన్నాను.

మళ్ళీ వారం సోంపేటలో దొరికాడు. డాక్టరు గదిలోంచి వచ్చి, మాత్రల రేకుని లుంగీ మడతలో దోపుకుంటున్నాడు. పక్కకి పిలిచి అమ్మగారి మాట చెప్పాను. రోడ్డుకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అప్పుడే సెప్పీసినాను బాబూ. దేవుడు సూసుకున్నాడని సెప్పినాను, అంతే. మాత్రల మాట అడగనేదు, సెప్పనేదు. పాంప్లెట్ మీద ఫొటో కూడా ఏసీసినారు." లుంగీ మడత మళ్ళీ తడుముకున్నాడు. "మొన్న మందస కాడ్నించి ఒకాయనొచ్చి నా కాళ్ళట్టుకున్నాడు. ఆడు మాత్రలు మానీసినాడట."

కంచిలి బస్సు వచ్చింది, వెళ్ళింది.

"అమ్మగారు ఏం చేశారో చూశావు కదా" అన్నాను.

"సూసినాను బాబూ" అన్నాడు. "తరవాత ఆవిడికేటైనాదో కూడా సూసినాను."